కోవర్కింగ్ స్పేస్‌లో సీటు తీసుకోవాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు వెళితే కోవర్కింగ్ బోర్డు లేని వీధి కనిపించడం కష్టం. కోవర్కింగ్ అంటే వేర్వేరు సంస్థలవాళ్లు, సొంతంగా పనిచేసుకునేవాళ్లు ఒకే ఆఫీసులో సీట్లు అద్దెకు తీసుకుని పనిచేసుకోవడం. కొత్తగా సీటు తీసుకోబోయేవాళ్లు, తీసుకున్నాక ఆలోచనలో పడ్డవాళ్లు, పదిమంది బృందాన్ని అక్కడికి మార్చాలా వద్దా అని లెక్కలు వేసుకుంటున్న చిన్న సంస్థల యజమానులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఇది సీట్లు అమ్మేవాళ్ల కరపత్రం కాదు. కాబట్టి మెచ్చుకోలుతో పాటు అక్కడక్కడ విసుగు కూడా కనిపిస్తుంది.

ఇది అద్దె ఆఫీసుకు పెట్టిన కొత్త పేరు కాదా?

సగం నిజమే. కుర్చీలు, బల్లలు, రిసెప్షన్‌తో సహా సిద్ధం చేసిన ఆఫీసును కొద్ది నెలల లెక్కన అద్దెకివ్వడం పాత వ్యాపారమే. 1989లో బ్రస్సెల్స్‌లో రీగస్ సంస్థ మొదలుపెట్టింది ఇదే. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ చేసింది వేరు. ఉద్యోగంలో చేరితే నలుగురి తోడు దొరుకుతుంది, సొంతంగా చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుంది, ఈ రెండూ ఒకేచోట ఎందుకు దొరకకూడదన్నది ఆయన ప్రశ్న. వారానికి రెండు రోజులు ఒక చోటు తీసుకుని, బల్లలు వేసి, రమ్మని పిలిచారు. మొదటి నెలంతా ఎవరూ రాలేదు!

ఇప్పుడు మన దగ్గర ఎక్కువగా అమ్ముడవుతున్నది మొదటి రకం. ప్రకటనల్లో కనిపించేది రెండో రకం. సీటు తీసుకున్నవాళ్లలో కనిపించే నిరాశలో పెద్ద భాగం ఈ తేడా నుంచే పుడుతుంది.

హాట్ డెస్క్, డెడికేటెడ్ డెస్క్, మేనేజ్డ్ ఆఫీసు: వీటిలో ఏది ఏమిటి?

హాట్ డెస్క్ అంటే ఆ రోజు ఏ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోవడం. డెడికేటెడ్ డెస్క్ అయితే ఆ బల్ల పూర్తిగా మీకే, సామాను వదిలి వెళ్లవచ్చు. క్యాబిన్‌కు తలుపు, తాళం ఉంటాయి. మేనేజ్డ్ ఆఫీసులో ఒక అంతస్తునో, అందులో కొంత భాగాన్నో మీ సంస్థకోసమే తీర్చిదిద్ది, నిర్వహణ అంతా వాళ్లే చూసుకుంటారు. పేరు కోవర్కింగే అయినా చివరి రకంలో మీ పక్కన కూర్చునేది మీ ఆఫీసువాళ్లే.

ఇంట్లో చేసుకోగలిగే పనికి నెలనెలా డబ్బు కట్టి బయటికి పోవడమెందుకు?

ఇంట్లో పని జరగక వచ్చేవాళ్లకంటే, ఇంట్లో పని ముగియక వచ్చేవాళ్లే ఎక్కువ. రెండు పడకగదుల ఫ్లాటులో పొద్దున పదకొండింటికి గ్యాస్ బండ వస్తుంది, పన్నెండున్నరకు కొరియర్ వస్తుంది, మూడింటికి "ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా, పిల్లాణ్ణి బడి నుంచి తీసుకురా" అన్న మాట వస్తుంది. అలా చెదిరిపోయిన పనంతా రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చోబెడుతుంది. బయటికి వెళ్లి రావడం వల్ల పనికి ఒక మొదలు, ఒక తుది ఏర్పడతాయి. డబ్బు కట్టాం కాబట్టి వెళ్లి తీరాలన్న పట్టుదల కూడా కొంత పనిచేస్తుంది, దాన్ని తక్కువగా చూడనక్కరలేదు.

మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని కోవర్కింగ్ సభ్యులను సర్వే చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. పనిలో ఎంత చురుగ్గా, ఎదుగుతున్నట్టుగా ఉన్నారన్నదానికి 7 పాయింట్ల కొలతలో సగటు దాదాపు 6 వచ్చింది. మామూలు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకంటే ఇది కనీసం ఒక పాయింటు ఎక్కువ. వాళ్లు చెప్పిన కారణాల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పక్క కుర్చీలో ఉన్నవారు మన సంస్థ మనిషి కాదు, మనతో పదోన్నతికి పోటీ పడరు, అందువల్ల వేషం కట్టాల్సిన పని లేదు. మన పనేమిటో పక్కవారికి వివరించి చెప్పుకోవడంలో దానిమీద మనకే గౌరవం పెరుగుతుందని కూడా తేలింది. అయితే ఒక జాగ్రత్త: వాళ్లంతా తమకు తాముగా ఆ చోటును ఎంచుకున్నవాళ్లు. "సోమవారం నుంచి అందరూ అక్కడికే" అని యాజమాన్యం ఒక మెయిల్ పంపితే వెళ్లినవాళ్లకు ఇదే ఫలితం వస్తుందని అనుకోకూడదు.

పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన ఒకరికొకరు ఉపయోగపడతారా?

ఈ వ్యవహారం మొత్తానికి ఇదే అసలు ప్రశ్న. మనం అనుకునేదానికంటే చాలా ఇరుకైన పరిధిలో మాత్రమే ఉపయోగపడతారు.

కూర్చునే దూరానికీ మాట్లాడుకోవడానికీ ఉన్న సంబంధాన్ని ఎంఐటీ ప్రొఫెసర్ థామస్ అలెన్ 1970ల్లోనే లెక్కగట్టారు. ఇంజినీర్ల మధ్య దూరం పెరిగేకొద్దీ సంభాషణ చకచకా పడిపోతుంది. సుమారు 50 మీటర్లు దాటాక ఒకే భవనంలో ఉన్నా దాదాపు పరాయివాళ్లే. కోవర్కింగ్‌కు సంబంధించి ఇంకా సూటైన అధ్యయనం మరియా రోష్, అలెగ్జాండర్ ఓట్ల్, క్రిస్టియన్ కాటలినీ చేశారు. అమెరికాలోని ఒక పెద్ద టెక్నాలజీ హబ్‌లో 251 స్టార్టప్‌లకు గదుల కేటాయింపు వాళ్ల ఇష్టంతో సంబంధం లేకుండా జరిగింది. కాబట్టి పొరుగు ప్రభావాన్ని విడిగా చూడగలిగారు. ఒక సంస్థ వాడుతున్న వెబ్ టెక్నాలజీని దగ్గరి సంస్థ కూడా అందిపుచ్చుకునే అవకాశం పెరిగింది. కానీ ఎంత దగ్గర? 20 మీటర్లు దాటాక అదే అంతస్తులో ఉన్నా, వేరే అంతస్తులో ఉన్నా ఒకటే. అంటే ఆ గాజు భవనంలో రెండు వేల మంది ఉన్నారన్న మాటకు మీ విషయంలో పెద్ద అర్థం లేదు. మీ గది చుట్టూ ఉన్న నాలుగైదు సంస్థలే మీ లోకం.

అదే అధ్యయనంలో మరో రెండు సంగతులున్నాయి. ఒకేలాంటి పని చేసేవాళ్లకంటే, తమలో తాము కలిసిమెలిసి ఉంటూనే భిన్నమైన పని చేసే సంస్థల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కువగా జరిగింది. చుట్టూ మరీ ఒకే రకం ఉన్నా, మరీ కలగాపులగంగా ఉన్నా ఫలితం తగ్గింది. ఆ మధ్యస్థమైన వైవిధ్యం కూడా కలుపుగోలుగా ఉన్నవాళ్లకే కలిసివచ్చింది. తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, లిఫ్టులో తల వంచుకుని ఫోను చూసుకునేవారికి పొరుగు ఎంత మంచిదైనా ఒరిగేది లేదు.

గోడలు తీసేస్తే మాటలు పెరుగుతాయన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే పక్కన పెట్టవచ్చు. హార్వర్డ్‌కు చెందిన ఈతన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ రెండు పెద్ద కంపెనీల ఉద్యోగుల మెడలో సెన్సర్ బ్యాడ్జీలు వేసి, విడివిడి అరలున్న ఆఫీసు నుంచి తెరిచిన హాల్లోకి మారకముందు, మారాక ఏమి జరిగిందో కొలిచారు. 2018లో వచ్చిన ఫలితం: ముఖాముఖి సంభాషణ సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు, మెసేజీలు పెరిగాయి. అందరూ చూస్తున్నారన్నప్పుడు మనిషి ముడుచుకుపోతాడు. ఎదుటి బల్ల మీది సహోద్యోగికి వాట్సాప్‌లో "లంచ్‌కి?" అని పంపేవాళ్లను చూసినవారెవరికీ ఇది వింతగా అనిపించదు.

గోల మాటేమిటి?

చాలామంది సీటు వదులుకోవడానికి మొదటి కారణం ఇదే. ఉదయం పది గంటలకు ఏ కోవర్కింగ్ అంతస్తుకైనా వెళ్లి, కాల్స్ మాట్లాడుకోవడానికి కట్టిన అద్దాల అరల్లాంటి ఫోన్ బూత్‌ల దగ్గర నిలబడి చూడండి. అన్ని సంస్థల రోజువారీ సమావేశం దాదాపు ఆ వేళకే ఉంటుంది. బూత్‌లన్నీ నిండిపోతాయి. బూత్ దొరకని కుర్రాడొకడు ల్యాప్‌టాప్‌ను ఒక చేత్తో పళ్లెంలా పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్లి, "వినిపిస్తోందా? ఇప్పుడు?" అని అడుగుతుంటాడు. బూత్‌లో ఉన్నామె కాల్ ముగిసినా బయటికి రాదు, ఎందుకంటే పదిన్నరకు ఆమెకు ఇంకో కాల్ ఉంది. బయట నిలబడ్డవారు అద్దంలోంచి చూసీచూడనట్టు చూస్తుంటారు. తలుపు తట్టడానికి మొహమాటం.

పనికి అడ్డుపడేది చప్పుడు కంటే అర్థమయ్యే మాట. అందులోనూ ఫోనులో ఒకవైపు మాత్రమే వినిపించే సంభాషణ ఇద్దరి మాటలూ వినిపించేదానికంటే ఎక్కువగా దృష్టిని లాగేస్తుందని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో చూపించారు. వినిపించని సగాన్ని మన బుర్ర తనంతట తానే పూరించే ప్రయత్నం చేస్తుంది. ఇక అంతరాయం తర్వాత అసలు పనిలోకి తిరిగి రావడానికి సగటున 20 నిమిషాలకు పైగా పడుతుందని కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ చేసిన పరిశీలన చెబుతోంది. కోడ్ రాసేవాళ్లు, అనువాదకులు, ఆడిటర్లు హాట్ డెస్క్ జోలికి పోకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం. అమ్మకాలవాళ్లకు, పదిమందితో మాట్లాడితేగాని రోజు గడవనివాళ్లకు అది బాగానే ఉంటుంది.

ఒంటరితనం తగ్గుతుందా?

తగ్గవచ్చు, కానీ సీటు కొన్నంత మాత్రాన కాదు. ఒకే వేళకు, ఒకే మూలకు, వారంలో మూడు నాలుగు రోజులు వచ్చేవాళ్లకు ముఖాలు అలవాటవుతాయి. ముఖం అలవాటయ్యాక పేరు, పేరు తర్వాత పని తెలుస్తాయి. నెట్‌వర్కింగ్ ఈవెంట్లు, పండుగనాటి ఫొటోలు, శుక్రవారం పిజ్జాలు దీనికి పెద్దగా సాయపడవు. మైక్రోవేవ్ ముందు వరుస సాయపడుతుంది. ఎవరిదైనా స్టీలు డబ్బా మూత తీయగానే గోంగూర వాసన వస్తే, "మీది ఎక్కడండీ?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. కొన్నిచోట్ల ఎండుచేపల కూర వేడిచేయవద్దని కాగితం అంటిస్తారు. ఆ కాగితం మీద నడిచే చర్చ ఏ కమ్యూనిటీ ఈవెంట్‌కంటే ఎక్కువమందిని కలుపుతుంది.

సభ్యులను ఒకరికొకరిని కలపాల్సిన కమ్యూనిటీ మేనేజర్ అనే ఉద్యోగం విలువ కూడా ఇక్కడే తెలుస్తుంది. మంచివారైతే, "మీకు జీఎస్టీ చిక్కు వచ్చింది కదా, నాలుగో క్యాబిన్‌లో సీఏ ఉన్నారు, రండి" అని చేయిపట్టి తీసుకెళతారు. చాలాచోట్ల ఆ హోదాలో ఉన్నవారికి ఏసీ ఫిర్యాదులు, పార్కింగ్ గొడవలు, బకాయిల వసూళ్లతోనే రోజు గడిచిపోతుంది. తప్పు వాళ్లది కాదు.

సంస్థకు నిజంగా డబ్బు మిగులుతుందా?

సీటు లెక్కన చూస్తే సొంతంగా తీసుకున్న ఆఫీసుకంటే నెల ఖర్చు ఎక్కువగానే కనిపిస్తుంది. మిగిలేది వేరేచోట. మామూలు లీజులో కొన్ని నెలల అద్దె అడ్వాన్సుగా కట్టాలి, ఇంటీరియర్, వైరింగ్, ఏసీ, జనరేటర్‌కు ముందే పెట్టుబడి పెట్టాలి, ఏళ్ల తరబడి ఖాళీ చేయబోమన్న లాక్ ఇన్ షరతుకు సంతకం చేయాలి. ఏడాది తర్వాత మీ బృందం పదిమందే ఉంటుందో, పాతిక మందవుతుందో, ముగ్గురే మిగులుతారో తెలియనప్పుడు ఆ సంతకమే పెద్ద ప్రమాదం. కోవర్కింగ్‌లో ఆ ప్రమాదాన్ని వేరేవారి నెత్తిన పెట్టి, అందుకు కొంచెం ఎక్కువ అద్దె కడుతున్నారన్నమాట. బృందం పరిమాణం స్థిరపడి, మూడేళ్లు కదలబోమని తెలిసిన సంస్థకు ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు సొంత లీజే మేలు.

అద్దె మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ దాన్ని ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలోంచి సర్దుకోవచ్చు. ఏడాదికి 20 లక్షల లోపు ఆదాయంతో రిజిస్ట్రేషన్ లేకుండా సేవలందించే ఫ్రీలాన్సర్‌కు అది చేతి చమురే. ప్రకటనలో చూపే ధర సాధారణంగా పన్ను కలపనిదని గుర్తుంచుకోండి. దాని పైన సీటుతో పాటు ఇచ్చే మీటింగ్ రూమ్ క్రెడిట్లు దాటితే గంట లెక్క, పార్కింగ్ విడిగా, సాయంత్రం దాటాక ఏసీకి విడిగా. అమెరికా క్లయింట్ల వేళలకు పనిచేసేవాళ్లకు ఈ చివరిది తడిసి మోపెడవుతుంది.

పెద్ద కంపెనీలు కూడా ఎందుకు వస్తున్నాయి? దానివల్ల చిన్నవాళ్లకు ఏమవుతుంది?

విదేశీ సంస్థ హైదరాబాద్‌లో జీసీసీ (తన సొంత పనులు చేయించుకునే కేంద్రం) పెట్టాలనుకుంటే, సొంత భవనం సిద్ధమయ్యేదాకా ఆగకుండా మేనేజ్డ్ ఆఫీసులో మనుషులను చేర్చుకోవడం మొదలుపెట్టవచ్చు. ఈ గిరాకీ మీదే ఈ రంగం పెరిగింది. కోవర్కింగ్ చోట్లు నడిపే సంస్థల్లో ఆఫిస్ (Awfis) 2024 మేలో, స్మార్ట్‌వర్క్స్, ఇండిక్యూబ్ 2025 జులైలో, వీవర్క్ ఇండియా 2025 అక్టోబరులో స్టాక్ మార్కెట్‌కెక్కాయి. ఒకేసారి వందల సీట్లు తీసుకుని, అద్దె సమయానికి కట్టే కంపెనీని వదులుకుని, ఇద్దరు ముగ్గురున్న స్టార్టప్‌ల వెంట ఏ నిర్వాహకుడూ పడడు. దాంతో అంతస్తులకు అంతస్తులు ఒకే కంపెనీ యాక్సెస్ కార్డుల వెనక్కి వెళ్లిపోతున్నాయి. చిన్నవాళ్లకు మిగిలేది రిసెప్షన్ పక్కన ఉన్న కాస్త చోటు. ఇలాంటి చోట "స్టార్టప్ వాతావరణం" అని చెబితే నమ్మవద్దు.

మా మనుషులను పక్క కంపెనీవాళ్లు ఎగరేసుకుపోతే?

యజమానులు నన్ను గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. జరుగుతుంది. కాఫీ మిషన్ దగ్గర జీతాల సంగతి తెలుస్తుంది. కానీ మంచి ఇంజినీరుకు రిక్రూటర్ల ఫోన్లు ఇంట్లో కూర్చున్నా వస్తాయి. దీనికి భయపడి ఉద్యోగులను క్యాబిన్ దాటనివ్వకుండా కట్టడి చేసే యజమాని, పొరుగు కోసం అద్దె కడుతూ పొరుగును తానే మూసేసుకుంటున్నాడు.

నా దృష్టిలో అసలు నష్టం ఇంకోటి. గోడ మీది రాతల నుంచి స్వాగతం పలికే తీరు దాకా అన్నీ ఆ భవనానివే అయినప్పుడు, కొత్తగా చేరినవారికి సంస్థ తాలూకు అలవాట్లు, మర్యాదలు ఎక్కడా కంటికి కనిపించవు. అవి మాటల్లో, పనిలో మాత్రమే కనిపించాలి. అందుకు పైనున్నవారు వారంలో కొన్ని రోజులైనా ఆ బల్లల దగ్గర కూర్చోవాలి.

మహిళలు ఏమి చూసుకోవాలి? అక్కడ వేధింపు ఎదురైతే ఎవరికి చెప్పాలి?

2013 నాటి పని ప్రదేశాల్లో మహిళల లైంగిక వేధింపుల నిరోధక చట్టం కోవర్కింగ్‌కూ వర్తిస్తుంది. ఉద్యోగరీత్యా వెళ్లే ఏ చోటైనా, యజమాని ఏర్పాటు చేసిన రవాణా అయినా ఆ చట్టం దృష్టిలో పని ప్రదేశమే. మీ సంస్థలో 10 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకంటే తక్కువ ఉంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. కోవర్కింగ్‌లో చాలా సంస్థలు పదిమంది లోపువే అయినా, ఈ రెండో మార్గం గురించి గోడమీద కాగితం అంటించిన చోట్లు తక్కువ. వేధించినవారు వేరే సంస్థ మనిషైతే ఎలా స్పందిస్తారని సీటు తీసుకునే ముందే నిర్వాహకులను అడగండి. జవాబు తడబడిందంటే వాళ్లు ఆ మాట ఎప్పుడూ ఆలోచించలేదన్నమాట. రాత్రి ఎనిమిది తర్వాత లిఫ్టు లాబీలో, బేస్‌మెంట్ పార్కింగ్‌లో మనిషి ఉంటున్నారా అన్నది స్వయంగా చూడాలి.

మా సమాచారం అక్కడ భద్రమేనా?

అందరికీ ఒకే వైఫై, ఒకే ప్రింటర్, గాజు గోడలు. క్లయింటు ఒప్పందంలో గోప్యత షరతు ఉంటే మీకంటూ విడి నెట్‌వర్క్ అడగండి, సాధారణంగా అదనపు రుసుముతో ఇస్తారు. సమావేశం అయ్యాక వైట్‌బోర్డు తుడవడం, ప్రింటర్ ట్రేలో కాగితాలు వదిలేయకపోవడం ఖర్చులేని జాగ్రత్తలు. వాటినే ఎక్కువమంది పాటించరు.

ఆ నిర్వాహక సంస్థే మూతపడితే?

వాళ్లు భవన యజమానికి ఏళ్ల లెక్కన బాకీ, మీరు వాళ్లకు నెలల లెక్కన బాకీ. గిరాకీ పడిపోతే మీరు వెళ్లిపోతారు, వాళ్లు కట్టాల్సింది అలాగే ఉంటుంది. 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్ల విలువ పలికిన వీవర్క్, అదే ఏడాది సెప్టెంబరులో పబ్లిక్ ఇష్యూను వెనక్కి తీసుకుని, 2023 నవంబరులో అమెరికాలో దివాలా రక్షణ కోరడానికి మూలం ఇదే. 2024 జూన్‌లో బయటపడింది. ఇక్కడి వీవర్క్ ఇండియా విడి సంస్థ కావడంతో ఆ ప్రక్రియలోకి రాలేదు. మీవరకు చేయగలిగిందేమిటంటే డిపాజిట్ తక్కువగా ఉంచుకోవడం, ఏడాది అద్దె ముందే కడితే ఇస్తామనే రాయితీకి ఆశపడకపోవడం.

టీ-హబ్, వీ హబ్ కూడా కోవర్కింగ్ కిందికే వస్తాయా?

అక్కడా బల్లలున్నాయి, కానీ బల్ల కోసం వెళ్లే చోట్లు కావవి. తెలంగాణ ప్రభుత్వం స్టార్టప్‌ల కోసం పెట్టిన టీ-హబ్ 2015 నవంబరులో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలై, 2022 జూన్‌లో రాయదుర్గంలో ఐదున్నర లక్షల చదరపు అడుగులు దాటిన భవనానికి మారింది. 2018లో మొదలైన వీ హబ్ మహిళా వ్యాపారవేత్తల కోసం. 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్‌లో వస్తువుల నమూనాలు చేసుకోవడానికి యంత్రాలుంటాయి. వీటిలో ఎంపిక ఉంటుంది, మార్గదర్శకులుంటారు, పెట్టుబడిదారులు వచ్చిపోతుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కూడా ఈ దారిలోనిదే.

విజయవాడ, వరంగల్ లాంటి చోట్ల ఇది నడుస్తుందా?

సొంతూరికి తిరిగొచ్చి దూరం నుంచి ఉద్యోగం చేస్తున్నవారికి అక్కడ అవసరం ఇంకా ఎక్కువ. జనరేటర్, రెండు ఇంటర్‌నెట్ లైన్లు, పగటిపూట నిశ్శబ్దం ఉంటే చాలు. హైదరాబాద్ నమూనాలో రంగురంగుల సోఫాలు, కాఫీ బార్ పెడితే అద్దె పెరిగి సీట్లు ఖాళీగా ఉంటాయి. ఊరు చిన్నది కావడం ఒకవిధంగా మేలు. అక్కడ అందరూ ఎలాగూ ఆ 20 మీటర్ల లోపే కూర్చుంటారు.

సంతకం పెట్టే ముందు ఏమి చూడాలి?

ఆదివారం సాయంత్రం చూపించే టూర్‌ను నమ్మవద్దు. సోమవారమో మంగళవారమో డే పాస్ తీసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ పని మీరు చేసుకోండి. పదింటికి బూత్ దొరికిందా, ఒంటిగంటకు తినడానికి చోటు దొరికిందా, నాలుగింటికి వీడియో కాల్ తెగకుండా నడిచిందా? మీకిచ్చే గదికి అటూఇటూ ఎవరున్నారో వెళ్లి పలకరించండి, ఎంతకాలంగా ఉన్నారో, ఎందుకున్నారో అడగండి. ఆ చిరునామాతో జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలంటే ఒప్పందం, యజమాని నిరభ్యంతర పత్రం, కరెంటు బిల్లు ప్రతి ఇస్తారో లేదో మాటలో కాదు, మెయిల్‌లో రాయించుకోండి. చివరగా ఒప్పందంలో ఖాళీ చేసే నోటీసు ఎన్ని రోజులో, నోటీసు ఇవ్వడం మరిచిపోతే దానంతటదే పొడిగింపు అవుతుందో లేదో, డిపాజిట్‌లోంచి పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారో చదవండి. ఈ మూడూ సాధారణంగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.